‘డాక్టర్ హూ’ ఆడియో నాటకానికి సమీక్ష రాయడం ఎలా

బ్రిటిష్ టీవీ సిరీస్ ‘డాక్టర్ హూ’ ఆధారంగా వచ్చే ఆడియో నాటకాల మీద సమీక్షలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. ముప్పాతిక భాగం కథ చెప్పి, చివర్లో నటులందరూ బాగా చేశారనీ, శబ్దాలు కూడా బాగున్నాయనీ రెండు వాక్యాలు రాసి ముగిస్తారు. ఆ రెండు వాక్యాలు తీసేస్తే, సమీక్షకుడు చదివింది నవలో, చూసింది టీవీ ఎపిసోడో, విన్నది నాటకమో చెప్పడం కష్టం. మీ సమీక్ష అలా కాకూడదనుకుంటే రాయడం కన్నా ముందు వినడం దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి. పదేళ్లకు పైగా ఈ నాటకాలు వింటూ, వాటి మీద రాస్తూ నేను పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వరసగా చెబుతాను.

ముందు ఈ నాటకాల నేపథ్యం కొంత తెలియాలి. కాలంలో ప్రయాణించే డాక్టర్ అనే వ్యక్తి కథ ఇది. ఆయన రూపం అప్పుడప్పుడు మారిపోతుంది కాబట్టి ఆ పాత్రను వేర్వేరు నటులు వేస్తూ వచ్చారు. బీబీసీలో 1963 నవంబరు 23న మొదలైన ‘డాక్టర్ హూ’ 1989లో ఆగిపోయింది. 1996లో ఒక్క టీవీ సినిమా వచ్చింది. మళ్లీ ధారావాహికగా మొదలైంది 2005లోనే. ఆ ఖాళీ కాలంలో, 1999 జూలైలో, బిగ్ ఫినిష్ అనే బ్రిటిష్ సంస్థ, టీవీలో డాక్టర్ వేషం వేసిన పీటర్ డేవిసన్, కోలిన్ బేకర్, సిల్వెస్టర్ మెకాయ్ ముగ్గురినీ కలిపి ‘ద సైరెన్స్ ఆఫ్ టైమ్’ అనే ఆడియో నాటకాన్ని విడుదల చేసింది. అక్కడ మొదలైన నెలవారీ వరస 2021 మార్చి దాకా, 275 సంఖ్యల దాకా సాగింది. అప్పటికి 1996 టీవీ సినిమాలో ఒకే ఒక్కసారి డాక్టర్‌గా కనిపించిన పాల్ మెక్‌గాన్, 2001 జనవరిలో ‘స్టార్మ్ వార్నింగ్’తో ఈ వరసలోకి వచ్చాడు. ఆయన డాక్టర్‌కు ఒక జీవితమంటూ ఏర్పడింది ఈ నాటకాల్లోనే. 2013లో సిరీస్ యాభయ్యేళ్ల పండుగకు తీసిన చిన్న చిత్రంలో ఆయన రూపం మారే ముందు చార్లీ, క్రిజ్, లూసీ, టామ్సిన్, మాలీ అంటూ ఆడియో సహచరుల పేర్లను తలుచుకుంటాడు. ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేర్లు విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఈ నాటకాలను టీవీ సిరీస్‌కు అనుబంధంగా, మిగిలిపోయిన సరుకుగా చూసేవారు సమీక్ష రాయకపోవడమే మంచిది.

ఏ నాటకం మీద రాయాలి

ఇన్ని వందల నాటకాల్లో మొదటి సమీక్షకు ఒకటి ఎంచుకోవడమే పెద్ద పని. కొత్తగా వచ్చిందని తీసుకోకండి. పది నాటకాల ముందునుంచి నడుస్తున్న కథకు ముగింపుగా వచ్చినదాన్ని కూడా తీసుకోకండి. ఒక్కటిగా నిలబడగలిగి, దాని ముందుది ఒకటి రెండు మాత్రమే వినవలసి ఉన్న నాటకం తీసుకోండి. ఈ వ్యాసంలో నేను ఎక్కువగా వాడుకునే ఉదాహరణ ‘ద చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్’. రాబర్ట్ షియర్‌మన్ రాసిన ఈ నాటకం 2002 ఫిబ్రవరిలో వచ్చింది. ఏడో ఎడ్వర్డ్ రాజు కాలంనాటి ఒక పెద్ద ఇంట్లో, క్రిస్మస్ ముందు రాత్రి, నౌకర్లుండే కింది అంతస్తులో జరుగుతుంది.

దీనికి ముందు మీరు తప్పక వినవలసింది ‘స్టార్మ్ వార్నింగ్’. అందులో డాక్టర్ ఆర్101 అనే వాయునౌకలోకి వెళతాడు. చార్లీ పొలార్డ్ అనే అమ్మాయి అక్కడ దొంగతనంగా ప్రయాణం చేస్తూ ఉంటుంది. ఆర్101 కల్పన కాదు. అప్పటి బ్రిటిష్ ఇండియాలోని కరాచీకి ఇంగ్లండ్ నుంచి బయలుదేరిన ఆ వాయునౌక 1930 అక్టోబరు 5 తెల్లవారుజామున ఫ్రాన్సులో బోవే ఊరి దగ్గర కూలి, 54 మందిలో 48 మంది చనిపోయారు. మన దేశం వైపు వస్తూ కూలిపోయిన నౌక అది. చార్లీ అందులో చనిపోవలసిన మనిషి, డాక్టర్ ఆమెను కాపాడాడు. ‘చైమ్స్’ బరువంతా ఈ ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఇది తెలియకుండా రాసిన సమీక్ష ఆ నాటకాన్ని మామూలు దెయ్యాల కొంప కథగా తేల్చేస్తుంది. మీరు ఏ నాటకం ఎంచుకున్నా, దానికి ఇలాంటి వేరు ఎక్కడుందో ముందుగా కనుక్కుని, అక్కడినుంచి వినడం మొదలుపెట్టండి.

మొదటిసారి వినడం

మొదటిసారి కాగితం, కలం పక్కన పెట్టండి. ఇల్లు సద్దుమణిగాక, మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మామూలు వేగంలోనే వినండి. పాడ్‌కాస్టులు ఒకటిన్నర రెట్లు వేగంతో వినే అలవాటు ఇప్పుడు చాలామందికి ఉంది. నాటకం దగ్గర ఆ అలవాటు పనికిరాదు. ఒక ప్రశ్నకూ జవాబుకూ మధ్య దర్శకుడు కావాలని వదిలిన రెండు సెకన్ల నిశ్శబ్దం వేగం అలా పెంచితే మూడో వంతు పోతుంది, దానితోపాటు ఆ జవాబులోని అబద్ధమో భయమో కూడా పోతుంది. నెలవారీ వరసలోని నాటకాలు ఎక్కువగా నాలుగు భాగాలు, ఒక్కో భాగం దాదాపు ఇరవై అయిదు నిమిషాలు. వీలైతే రోజుకు ఒక్క భాగమే వినండి. ప్రతి భాగమూ ఒక ఉత్కంఠ దగ్గర ఆగుతుంది. ఆ ఉత్కంఠ ఒక రాత్రంతా మీలో నిలిచిందా, లేక పొద్దున్నకే మరిచిపోయారా అనేది సమీక్షకు పనికొచ్చే సమాచారం. నాలుగు భాగాలూ ఒకే బిగిని వింటే అది మీకు దొరకదు.

ఒకసారి నేను సికింద్రాబాద్ నుంచి విజయవాడకు రైల్లో వెళుతూ ఒక నాటకం విని, మూడో భాగంలో శబ్దం మరీ పలచగా ఉందనీ, రికార్డింగు సరిగ్గా లేదనీ రాసేశాను. నెల తరవాత రాత్రిపూట ఇంట్లో విన్నప్పుడు ఆ పలచదనం వెనక చాలా సన్నగా ఒక ఊపిరి వినబడింది. పాత్రలున్న గదిలో ఇంకెవరో ఉన్నారని ఆ నాటకం నాకు చెబుతూనే ఉంది, రైలు చప్పుడులో నేనే వినలేదు. ఆ సమీక్షను సరిదిద్ది, తప్పు ఎలా జరిగిందో అందులోనే రాశాను. అప్పటినుంచి ప్రయాణంలో విన్నదాని మీద రాయడం మానేశాను.

మొదటిసారి వినడం పూర్తయ్యాక, మళ్లీ వినకముందే, జ్ఞాపకం ఉన్నదంతా ఒక పేజీ రాసుకోండి. పాత్రల పేర్లు ఎన్ని గుర్తున్నాయో, ఏ గొంతు ఎవరిదో ఎక్కడ తికమకపడ్డారో నిజాయితీగా రాయండి. ఒకే వయసు, ఒకే స్థాయి ఉన్న ఇద్దరు మగవాళ్ల గొంతులు మీకు వేరుగా తెలియకపోతే, అది మీ చెవి తప్పు అనుకుని దాచకండి. వేషధారణ, ముఖం ఏవీ లేని చోట గొంతుల ఎంపికే పాత్ర పరిచయం. అందులో పొరపాటు జరిగితే చెప్పవలసింది మీరే.

రెండోసారి వినడం, రాసుకోవడం

ఇప్పుడు నోటుబుక్కు తీయండి. పేజీని మూడు నిలువు వరసలుగా విభజించండి. మొదటి వరసలో నిమిషం, సెకను. రెండో వరసలో చెవికి వినబడింది ఏమిటో అది మాత్రమే. మూడో వరసలో అది మీలో ఏం చేసింది. రెండో వరసలో ‘భయంకరమైన శబ్దం’ అని రాయకూడదు. ‘తలుపు గొళ్లెం, ఆ తరవాత ఏమీ లేదు’ అని రాయాలి. భయం మూడో వరసకు చెందుతుంది. ఈ రెంటినీ విడదీసి రాసుకోవడం మొదట్లో విసుగనిపిస్తుంది, కానీ సమీక్షలో నమ్మదగిన వాక్యాలన్నీ ఈ రెండు వరసల మధ్యనుంచే వస్తాయి.

‘చైమ్స్’ మొదటి భాగం మీద నా నోటుబుక్కులో మొదటి పేజీ చాలావరకు చీకటి గురించే ఉంది. డాక్టర్, చార్లీ దిగిన చోట వెలుతురు లేదు. చేతులతో తడుముకుంటూ, ఎదురుపడినవి ఏమిటో ఒకరికొకరు చెప్పుకుంటూ ముందుకు సాగుతారు. ఆడియో నాటకం రాసేవారికి ఉన్న అతి పెద్ద ఇబ్బంది ఇక్కడే ఉంది. కళ్లకు కనబడేదాన్ని మాటల్లో చెప్పకపోతే శ్రోతకు తెలియదు, చెబితే కృత్రిమంగా ఉంటుంది. ఎదుట నిలబడ్డ మనిషితో ‘నీ కుడిచేతిలో తుపాకీ ఉందే!’ అని ఎవరూ అనరు. షియర్‌మన్ పాత్రలను చీకట్లోకి దింపి, వాళ్లకూ మనకూ ఒకే లోటు కల్పించాడు. వాళ్లు చెప్పుకోక తప్పదు, మనకు వినక తప్పదు, అందులో ఎక్కడా అతుకు కనిపించదు. ఆ తరవాత ఆ ఇంట్లో గడియారం ఉంది. అది కొట్టే గంటలు కాలాన్ని చెప్పడానికి మాత్రమే కాదు, ఈ ఇంట్లో ఏదో ఒకటి కాలాన్ని లెక్కపెట్టుకుంటోందన్న అనుమానాన్ని పెంచడానికి కూడా. రెండోసారి వినేటప్పుడు ప్రతి గంట దగ్గరా నిమిషం రాసుకున్నాను. ఆ పట్టీ చూశాకే నాటకం బిగువు ఎలా పెరిగిందో అర్థమైంది.

ఈ రెండోసారిలో ప్రత్యేకంగా చెవి పెట్టవలసినవి కొన్ని ఉన్నాయి. సంభాషణ వర్ణన పనిని ఎలా మోస్తోందో పైన చెప్పాను. గొంతు గురించి రాసేటప్పుడు ‘బాగా నటించాడు’ అన్న మాటను పూర్తిగా వదిలేయండి. వాక్యం ఎక్కడ ఆగింది, ఏ మాట మీద ఊపిరి తెగింది, కోపం వచ్చినప్పుడు గొంతు పెరిగిందా తగ్గిందా అన్నది రాయండి. కోలిన్ బేకర్ డాక్టర్ టీవీలో ఎప్పుడూ గొంతు పెంచి, ఎదుటివారిని మాటతో తోసేసేవాడు. ‘ద మేరియన్ కాన్‌స్పిరసీ’లో మ్యాగీ స్టేబుల్స్ పోషించిన ఎవలిన్ స్మైథ్ అనే చరిత్ర అధ్యాపకురాలు ఆయనకు ఎదురు నిలుస్తుంది. యాభై దాటిన ఆ పెద్దావిడ ముందు ఆ డాక్టర్ మాట్లాడే తీరులో వచ్చిన మెత్తదనాన్ని మీరు చెవితో చూపించగలిగితే, ఈ నాటకాలు ఆ నటుడికి ఏం చేశాయో పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు.

యాస కూడా గొంతులో భాగమే. లూసీ మిల్లర్‌గా షెరిడన్ స్మిత్ ఇంగ్లండ్ ఉత్తరాది యాసలో మాట్లాడుతుంది. ఆ పక్కన పాల్ మెక్‌గాన్ మృదువైన మాట వినబడుతుంది. శ్రీకాకుళం మాట, కరీంనగర్ మాట వినగానే మనిషి ఊరు, పెరిగిన ఇల్లు మనకు ఎలా కళ్లముందు నిలుస్తాయో, బ్రిటిష్ శ్రోతకు లూసీ అలా నిలుస్తుంది. అయితే అనువదించేటప్పుడు ఆమె చేత శ్రీకాకుళం యాసలో మాట్లాడించకండి. ఆమె మాటలో ఉన్న ధైర్యాన్నీ, ఎదుటివాడి గొప్పదనాన్ని లెక్కచేయని తీరునూ చెప్పండి, సరిపోతుంది.

యంత్రాల గొంతుల గురించి రాయాలంటే అవి ఎలా తయారవుతాయో కొంచెం తెలిసుండాలి. డాక్టర్‌కు శత్రువులైన డాలెక్‌ల గొంతుకు రింగ్ మాడ్యులేటర్ అనే పరికరం వాడతారు. నటుడి మాటను ఒక మంద్రమైన తరంగంతో గుణిస్తే ఆ గరగరలాడే, తునకలు తునకలుగా తెగే గొంతు వస్తుంది. కానీ పరికరం ఎవరి చేతిలోనైనా ఒకటే. నికొలస్ బ్రిగ్స్ గొంతులో డాలెక్ భయపడుతుంది, బేరమాడుతుంది, అబద్ధం చెబుతుంది. ఆ తేడా నటనలోది, అది మీ సమీక్షలోకి రావాలి. మార్క్ ప్లాట్ రాసిన ‘స్పేర్ పార్ట్స్’లో, మనుషులనుంచి యంత్రాలుగా మారిన సైబర్‌మన్లకు 1966లో టీవీలో మొదటిసారి వినబడిన సాగదీసే, ఎత్తుపల్లాల గొంతునే మళ్లీ వాడారు. ఆ నాటకంలో ఒక ఇల్లు ఉంది, తండ్రి ఉన్నాడు, ఇవాన్ హార్ట్‌లీ అనే కూతురు ఉంది. మొదటి భాగంలో ఆమె గొంతు, ఆ ఇంట్లో రాత్రి భోజనాల వేళ మాటలు శ్రద్ధగా వినండి. తరవాతి భాగాల్లో యంత్రపు గొంతు విన్న ప్రతిసారీ, దాని అడుగున ఇలాంటి ఇంటి మనిషి గొంతు ఒకటి ఉండేదని మీ చెవి గుర్తుచేస్తుంది. నాటకం దుఃఖమంతా ఆ పోలికలోనే ఉంది.

సంగీతం గురించి క్లుప్తంగా రాస్తే చాలు, అది మాటను మింగేసిన చోట్లు ఉంటే మాత్రం నిమిషంతో సహా చెప్పండి.

నాటకం ఎంచుకున్న రూపాన్ని మాత్రం నిదానంగా చూడాలి. ‘లైవ్ 34’ మొత్తం ఒక రేడియో స్టేషన్ వార్తా ప్రసారంగా నడుస్తుంది. ‘స్కెర్ట్సో’లో మెక్‌గాన్, చార్లీ పాత్ర వేసిన నటి ఇండియా ఫిషర్ ఇద్దరే ఉంటారు. కళ్లు పనిచేయని ఒక చోట, శబ్దమే ప్రాణి అయిన లోకంలో, ఒకరిమీద ఒకరికి నమ్మకం చెదిరిన స్థితిలో నడుస్తూ ఉంటారు. ఈ రెండూ ఇంకే మాధ్యమంలోనూ కుదరవు. మీరు సమీక్షిస్తున్న నాటకాన్ని టీవీకి తీసుకెళితే ఏం పోతుందో ఒక పేరా రాసి చూసుకోండి. ఏమీ పోదనిపిస్తే, ఆ మాట సమీక్షలో చెప్పవలసిన లోపమే.

ఈ విషయంలో తెలుగువారికి ఒక ఆధారం ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఆకాశవాణి నాటకం విని పెరిగినవారికి, మెట్లమీద అడుగుల చప్పుడు దూరం నుంచి దగ్గరకు వస్తే మనిషి గదిలోకి వచ్చాడని ఎవరూ నేర్పనవసరం లేదు. మా నాన్నగారు నాటకం మధ్యలో మాట్లాడితే ఊరుకునేవారు కాదు. ఆ చెవి ఉన్నవారు ఇంట్లో ఉంటే, ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఒక సన్నివేశం వినిపించి, ఏం జరుగుతోందనుకుంటున్నారో అడగండి. మాట తెలియకుండా శబ్దం ఎంత చెప్పిందో వాళ్ల జవాబులో బయటపడుతుంది.

సమీక్ష రాయడం

ఇక రాయడానికి కూర్చోండి. కథతో మొదలుపెట్టకండి. మీ నోటుబుక్కులో మూడో వరసలో ఎక్కువ రాసుకున్న చోటు ఏదో చూసి, ఆ ఒక్క సన్నివేశంతో మొదలుపెట్టండి. అక్కడ ఏం వినబడింది, అది ఎందుకు పట్టుకుంది అని రాశాక, పాఠకుడికి ఆ సన్నివేశం అర్థం కావడానికి ఎంత కథ కావాలో అంతే చెప్పండి.

కథ ఎంతవరకు చెప్పవచ్చు అన్న దానికి నేను పాటించే హద్దు మొదటి భాగం ముగింపు. మొదటి ఇరవై అయిదు నిమిషాల్లో శ్రోతకు తెలిసేది చెప్పవచ్చు, ఆ తరవాతది చెప్పకూడదు. ‘చైమ్స్’ సమీక్షలో ఆ ఇంట్లో ఎడిత్ అనే పనిపిల్ల ఉందనీ, అందరూ ఆమెను పట్టించుకోరనీ రాయవచ్చు. ఆమెకూ చార్లీకీ మధ్య ఉన్న సంబంధం ఏమిటో రాయకూడదు. నాటకం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది కదా, ఇంకా దాచేదేముంది అనేవారున్నారు. తెలుగులో ఈ సమీక్ష చదివేవారిలో ఎక్కువమంది ఇంతవరకు ఆ నాటకం వినలేదు. వాళ్లకు అది ఈ రోజే కొత్తగా విడుదలైనట్టు.

లోపాలు చెప్పేటప్పుడు అది ఎవరి పనో విడదీసి చెప్పండి. పాత్ర తనకు తెలిసిన విషయాన్నే ఎదుటివాడికి మళ్లీ వివరిస్తే అది రచయిత పొరపాటు. ఇద్దరు నటులు ఒకే వేగంతో మాట్లాడి సన్నివేశం చప్పగా సాగితే దర్శకుడిది. పోరాట సన్నివేశంలో ఎవరు ఎవరిని కొట్టారో తెలియకపోతే శబ్దం కూర్చినవారిది కావచ్చు, వాళ్లకు తగినంత మాట ఇవ్వని రచయితది కూడా కావచ్చు. మళ్లీ విని తేల్చుకున్నాకే రాయండి. ‘నాటకం నీరసంగా ఉంది’ అని మొత్తంగా అనేయడం ఇంతమంది శ్రమకు న్యాయం కాదు.

టీవీతో పోలిక తేవడంలో నిగ్రహం అవసరం. షియర్‌మన్ 2003లో రాసిన ‘జూబిలీ’ నుంచే 2005 టీవీ ఎపిసోడ్ ‘డాలెక్’ పుట్టింది. రెండూ ఆయనే రాశాడు. ఈ సంగతి ఒక వాక్యంలో చెప్పి వదిలేయాలి. ‘జూబిలీ’ని టీవీ ఎపిసోడ్‌కు చిత్తుప్రతిగా చదివితే, అందులోని సొంత కోపం, చేసిన ఘోరాలను పండుగలుగా మార్చుకునే సమాజం మీద దానికున్న కోపం, మీకు వినబడకుండా పోతుంది. ‘స్పేర్ పార్ట్స్’ విషయంలోనూ అంతే, 2006 సైబర్‌మన్ కథకు అది ప్రేరణ అన్నది నిజమే గానీ దాని విలువ అక్కడ లేదు.

కథ భారతదేశంలో జరిగినప్పుడు మాత్రం మీ బాధ్యత పెరుగుతుంది. 2012లో వచ్చిన ‘ది ఎమరాల్డ్ టైగర్’ 1926 నాటి కలకత్తా, దాని చుట్టుపక్కల అడవుల కథ. అక్కడి రైల్వే స్టేషన్ రద్దీ, నౌకర్ల మాట, దొరల మాట మన చెవికి ఎంతవరకు నమ్మకం కలిగించాయో చెప్పగలిగేది మనమే. బ్రిటిష్ సమీక్షకుడికి ఆ చెవి ఉండదు. కాబట్టి నచ్చినా నచ్చకపోయినా వివరంగా రాయండి.

చిత్తుప్రతి పూర్తయ్యేదాకా నాటకం చివర ఉండే నటుల, రచయితల ముచ్చట్లు వినకండి. రచయిత తాను ఏం చేయాలనుకున్నాడో చెప్పిన మరుక్షణం మీకు అదే వినబడినట్టు అనిపిస్తుంది. మీ మాట కాగితం మీద పడ్డాక వినండి. అప్పుడు పేర్లు, పాత్రలు, ఎవరు ఏ పని చేశారన్నది సరిచూసుకోవచ్చు. మీ అభిప్రాయాన్ని మాత్రం వాళ్ల మాటను బట్టి దిద్దకండి. వాళ్లు చెప్పింది నిజంగా నాటకంలో వినబడుతోందని మూడోసారి విని నిర్ధారించుకుంటేనే మార్చండి.

సమీక్ష పైభాగంలో నాటకం పేరు, వరసలో దాని సంఖ్య, రచయిత, దర్శకుడు, ఏ డాక్టర్, విడుదలైన నెల, నిడివి ఇవ్వండి. ఇంగ్లీషు పేర్లను తెలుగు లిపిలో ఒకేలా రాయండి, మొదటి పేరాలో మెక్‌గాన్, నాలుగో పేరాలో మెగాన్ అయితే పాఠకుడు ఇద్దరు మనుషులనుకుంటాడు. దీనికి ముందు తప్పక వినవలసిన నాటకం ఉంటే ఆ పేరు కూడా పైనే రాయండి. ఐదుకు ఇన్ని మార్కులు అని వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను వేయను. దాని బదులు చివర ఒక నిమిషాన్ని సూచిస్తాను: రెండో భాగంలో ఫలానా నిమిషం దగ్గర మొదలుపెట్టి మూడు నిమిషాలు వినండి, నేను పైన రాసింది అక్కడ మీకూ వినబడుతుందో లేదో చూడండి. ఆ నిమిషం సంఖ్యను ప్రచురించే ముందు మళ్లీ ఒకసారి ప్లేయర్‌లో పెట్టి సరిచూసుకోండి.